రెండిళ్ల బువ్వ

1వ రోజు

గదిలోకి వచ్చి ఒక పూట కూడా గడవలేదు, అప్పుడే గోడతో రెండుసార్లు మాట్లాడాను. గోడ బుద్ధిగా వింది. ఇలాగే సాగితే నెల తిరిగేసరికి మతి చెడుతుందని భయమేసి రాయడానికి కూర్చున్నాను. తీర్పరి రాసుకోవచ్చు. ఊళ్లోవాళ్లతో మాట్లాడకూడదంతే.

చలువూరికి గొంతు నేనే. వాకిళ్లు ఎప్పుడు తెరుస్తారో, బయట ఎండ మనిషిని కాల్చేసే మంటవేళ ఎప్పుడు మొదలవుతుందో, ఏ సందుకు ఇవాళ నీళ్లు రావో, ఎవరింట్లో శుభకార్యమో మైకులో చెప్పేదాన్ని. ఇంట్లో ఒంటరిదాన్నే అయినా ఆ లోటు ఎప్పుడూ తెలియలేదు. పని ముగించి సందులోకి దిగితే చాలు, ఎవరో ఒకరు నా గొంతును వెక్కిరిస్తూ పలకరించేవాళ్లు, నేను నాలుగు అంటించేదాన్ని. అలాంటిదాని పేరు తీర్పరి చీటీలో వచ్చింది. నిన్న సభలో 'సుంకులమ్మ' అని చదవగానే నా పక్కనున్న ఆడవాళ్లు మాట మధ్యలో ఆపేసి మొహం తిప్పుకున్నారు. ఆచారం అది. తీర్పు చెప్పేదాకా ఊళ్లో ఎవరి మాటా తీర్పరి చెవిన పడకూడదు. మా పక్కింటామె పొద్దున నా జల్లెడ తిరిగి ఇవ్వడానికి వచ్చింది. గడప మీద పెట్టి, గోడ వైపు చూసుకుంటూ వెళ్లిపోయింది.

ఈ గది ఊరికి పై కొసన, తూర్పు వాకిలి పక్కనే ఉంది. మిగతా ఊరంతా పాత నాపరాళ్ల గనుల్లో కింద చల్లగా ఉంటుంది. ఇక్కడ మాత్రం మధ్యాహ్నానికి గోడ చెయ్యి పెట్టలేనంత కాగుతుంది. ఒక మంచం, ఒక బల్ల, రెండు పీటలు ఉన్నాయి. రెండో పీట బువ్వ తెచ్చేవాళ్లకు.

బువ్వ తెచ్చేవాళ్లు మాత్రమే నాతో మాట్లాడవచ్చు. ఒకరు చనిపోయిన మనిషి ఇంటివాళ్లు, ఇంకొకరు చంపిన మనిషి ఇంటివాళ్లు. రోజు విడిచి రోజు ఆ రెండిళ్లలో వండినదే నేను తినాలి, ఇంకేదీ నోట పెట్టకూడదు. నేను తినేదాకా వాళ్లు ఎదురుగా కూర్చోవాలి. నెల చివర తీర్పు చెప్పాలి.

ఇవాళ చనిపోయిన శివలీల తండ్రి తిప్పన్న వచ్చాడు. సొట్టలు పడ్డ క్యారియరు. సంగటి ఉండలు కట్టింది, విరిస్తే లోపల పొడి పిండి. పప్పు చప్పగా ఉంది. అతను నా మొహం చూడటం లేదు, నా చేతినే చూస్తున్నాడు.

"ఉప్పు సరిపోయిందా?" అన్నాడు.

సరిపోయిందన్నాను. తీర్పరిగా నేను ఆడిన మొదటి మాటే అబద్ధం.

"ఏసినానో ల్యాదో గుర్తుల్యా సుంకులమ్మా. పొయ్యి కాడ నేనెప్పుడూ నిలబడినోన్ని కాదు. మా పాపే చేస్తాండె."

నేను మొత్తం తిన్నాను. గిన్నెలు ఒకదాని మీద ఒకటి సరిగా అమర్చడం కూడా అతనికి చేతకాలేదు, నేనే అమర్చి ఇచ్చాను.

2వ రోజు

ఇవాళ శివలీలను చంపిన వాకిలి పోలీసు కంబగిరి తల్లి గిడ్డమ్మ వంతు. నాకంటే పదేళ్లు పెద్దది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, పీట మీద తిన్నగా కూర్చుంది. జొన్నరొట్టెలు, చింతాకు పప్పు, చెనిక్కాయల ఊరుబిండి, అదే వేరుశెనగ పచ్చడి. లంచం లాంటి వంట అనుకుని తినడం మొదలుపెట్టాను. రెండో రొట్టెకు ఆ సంగతే మరిచిపోయాను. ఊరుబిండిలో ఏం వేశావని అడిగాను కూడా. ఎర్రగడ్డను, అదే ఉల్లిపాయను, పెనం మీద నల్లగా మాడేదాకా కాల్చి, ఆ మాడుతోపాటే నూరుతుందట. వాళ్ల ఇంట్లో అందరూ అలాగే తింటారట. వేళ్లు నాక్కుని, తరువాత నా మీద నాకే కోపం వచ్చింది.

గిడ్డమ్మ కొడుకును వెనకేసుకు రాలేదు. జరిగింది జరిగినట్టే చెప్పింది. బయటికి వెళ్లే మనిషి నడుముకు ఇంటి గంట ఉంటుంది. ఒక్కో ఇంటి గంటది ఒక్కో మోత. వాకిలి పోలీసులు చెవితోనే పోల్చుకుని తలుపు తీస్తారు. ఆ రోజు మంటవేళ మొదలయ్యాక తూర్పు వాకిలి బయట మోగిన గంట ఊళ్లో ఏ ఇంటిదీ కాదు. అంతకు వారం ముందే నీళ్లదొంగలు కొట్టేసిన గంట ఒకటి మోగించి, పడమటి వాకిలి దగ్గర ఇద్దరు పోలీసులను చంపారు. వాళ్లలో ఒకడు కంబగిరితో కలిసి పెరిగినవాడు. కంబగిరి తలుపు కంతలోంచి ఎవరని అడిగాడు. గాలి హోరు. జవాబు వినపడలేదు. కాల్చాడు.

బయట ఉన్నది శివలీల. ఊరికి కరెంటిచ్చే ఎండపలకలు తుడవడానికి పొద్దున వెళ్లి, ఆలస్యంగా తిరిగి వస్తోంది. ఎండకు ఆమె గంట చీలి మోత మారిపోయింది.

"మూడుసార్లడగాల సుంకులమ్మా. మావాడు ఒక్కసారే అడిగినాడు," అంది గిడ్డమ్మ. "అది నేను దాయను."

5వ రోజు

మైకు దగ్గర నా బదులు వన్నూరప్పను కూర్చోబెట్టారు. ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు చదువుతాడు. మంటవేళ ఎప్పుడో చెప్పి, ఊపిరి తీసుకోకుండా అదే వరసలో పెళ్లి కబురు చెబుతాడు. నిదానంగా చదువు నాయనా అని గోడకు చెప్పాను.

ఇవాళ అతను చదివినదాంట్లో నాకోసమే అన్నట్టు ఒక ముక్క ఉంది. వాకిలి పోలీసులు కొందరు పని మానేశారట, అందువల్ల తూర్పు వాకిలి ఇక ఒక పూటే తెరుస్తారట. కంబగిరిని పాతరకు దించితే రేపు వాకిలి దగ్గర ఎవరు నిలబడతారని వాళ్ల ప్రశ్న. నాతో మాట్లాడకూడదు కాబట్టి మైకులో మాట్లాడారు.

పాతరంటే ఊరికి అడుగున, నీళ్ల కోసం ఇంకా కిందికి తవ్వే చోటు. శిక్ష పడినవాడు అక్కడికి దిగితే గడువు తీరేదాకా పైకి రాడు. పెళ్లాం బిడ్డల మొహం చూడడు.

నా గది ముందు నడవ ఊడ్చేది మద్దిలేటి భార్య. మద్దిలేటి లిఫ్టు నడిపేవాడు. పోయిన ఏడాది, కింద ఎవరూ లేరు కదా అని రెండోసారి కేకెయ్యకుండా బ్రేకు వదిలాడు. కింద ఒక ముసలాయన ఉన్నాడు. మద్దిలేటికి తొమ్మిదేళ్లు పడింది. వేసింది తూకం. ఊళ్లో అందరి శిక్షలూ ఆ యంత్రమే వేస్తుంది, ఒక్క పోలీసులకు తప్ప. పాత తీర్పులన్నీ చదివి నేర్చుకున్న యంత్రం అది. పాతకాలం జడ్జీలు పోలీసుల మీద ఎంత దయగా ఉన్నారో అదీ అంతే దయగా ఉండేది, మనిషి పోయినా నాలుగైదు నెలలతో వదిలేసేది. ఊరు గోల చేసి వాళ్ల కేసులు దాని దగ్గర నుంచి లాగేసుకుంది. అప్పటి నుంచే ఈ గది, ఈ బువ్వ.

మద్దిలేటి భార్య ఆచారం తప్పలేదు. నా వైపు చూడలేదు, నోరు విప్పలేదు. కానీ నా తలుపు ముందు ఉన్న మూరెడు నేలను చాలాసేపు ఊడ్చింది.

7వ రోజు

తిప్పన్న బువ్వ బాగుంది! సంగటి మెత్తగా, నున్నగా ఉంది. నా సంతోషం చూసి అతను కూడా కాస్త తలెత్తాడు. చేతి వాటం కుదిరింది అన్నాను. అతను అవునని గానీ కాదని గానీ అనలేదు.

కూతురి గురించి కొంచెం చెప్పాడు. పలకల మీది దుమ్ము తుడిచి వచ్చాక ఆమె ఎండతొడుగు విప్పకుండానే కూర్చుని నీళ్లు తాగేదట. ఇల్లంతా దుమ్ము చేస్తున్నావని రోజూ తిట్టేవాడట. ఇప్పుడు ఇల్లు ఊడ్చే పనే లేదట. అది చెప్పి ఏడ్చాడు. నేను చూస్తూ కూర్చున్నాను. ఓదార్చడం కూడా ఒక వైపు మొగ్గడమే అవుతుందేమో నాకు తెలియలేదు.

11వ రోజు

దీపం సగానికి తగ్గింది. కళ్లు చికిలించుకుని రాస్తున్నాను. శివలీలతో పనిచేసినవాళ్లు పలకలు తుడవడానికి వెళ్లడం లేదట. మళ్లీ వన్నూరప్పే చదివాడు. వాకిట్లో మమ్మల్ని కాల్చినవాడికి ఏం శిక్ష పడుతుందో తేలాకే బయటికి పోతాం అన్నారట. ఒక పక్క వాకిలి మూత, ఇంకో పక్క దీపం కోత. ఊరంతా నా గది గోడకు చెవి ఆనించినట్టే ఉంది, ఒక్కరూ మాట్లాడరు. ఇవాళ ఎవరి గొంతైనా వినాలని అంత ఆశగా అనిపించి, వన్నూరప్ప నీళ్ల వంతులు చదువుతుంటే కూడా చివరిదాకా విన్నాను.

13వ రోజు

నిందితుణ్ణి ఒకసారి తీర్పరి ముందుకు తేవాలి, ఆ ఒక్కసారి అతనూ నాతో మాట్లాడవచ్చు. ఇవాళ తెచ్చారు. వెంట వచ్చిన పోలీసులు తలుపు బయట గోడ వైపు తిరిగి నిలబడ్డారు. కంబగిరిది తల్లి మొహమే, చిక్కిపోయి ఉన్నాడు. కూర్చోమంటే పీట మీద కొసకు కూర్చున్నాడు.

ఎందుకు మూడుసార్లు అడగలేదని అడిగాను.

"బయమైంది," అన్నాడు. "పడమటి వాకిలి కాడ ఆ పొద్దు మావాడు మూడుసార్లడిగినాడు. మూడోసారికి కంతలోంచి గుండొచ్చింది."

అది నాకు తెలియదు. ఊళ్లో ఎవరూ చెప్పుకోలేదు. తరువాత అతనే మళ్లీ మాట్లాడాడు.

"మద్దిలేటన్నను పాతరకు దించింది నేనే. లిఫ్టు కాడ ఆయప్ప ఏడుస్తాండె. తొమ్మిదేండ్లు ఎంతసేపులే అని చెప్పినా. ఏదో ఒకటి చెప్పాల గదా అని నోటికొచ్చింది అనేసినా. ఇప్పుడు కండ్లు మూస్తే అదే గుర్తుకొస్తాంది."

శిక్ష తగ్గించమని అడగలేదు. అడిగి ఉంటే నాకు సులువయ్యేది. వెళ్లేటప్పుడు వాళ్లమ్మ సరిగా తింటోందా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. నేను తినేటప్పుడు ఆమె ఎదురుగా కూర్చుంటుంది, ఆమె తినడం నేనెప్పుడూ చూడలేదు.

15వ రోజు

తిప్పన్న ఇవాళ రొట్టెలు తెచ్చాడు. పక్కన ఊరుబిండి. ఒక ముద్ద పెట్టుకున్నానో లేదో చెయ్యి ఆగిపోయింది. మాడిన ఎర్రగడ్డ వాసన.

ఎలా చేశావని మామూలుగా అడిగాను. చెనిక్కాయలు వేయించి నూరినా అన్నాడు. ఇంకేం వేశావంటే కారం, ఉప్పు అన్నాడు. ఎర్రగడ్డ పేరు రాలేదు. అతని చేతులు చూశాను. పొయ్యి దగ్గర కొత్తగా నిలబడేవాడి వేళ్ల మీద ఎక్కడో ఒక కాలిన మచ్చ ఉండాలి. మొదటి వారం ఉండేవి. అవన్నీ మానిపోయాయి, కొత్తది ఒక్కటీ లేదు.

అతను వెళ్లాక చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాను. ఇన్ని రోజులూ నేను ఒక్క ఇంటి బువ్వే తింటున్నానా? అదే నిజమైతే ఆచారం తప్పినట్టే. ఆచారం తప్పితే తీర్పరి లేచి వెళ్లిపోవాలి, కేసు తూకానికి పోతుంది. తూకం ఏం చెబుతుందో పసిపిల్లలకు కూడా తెలుసు. కంబగిరి నాలుగైదు నెలల్లో ఇంటికి వస్తాడు.

గిడ్డమ్మ ఎంత తెలివిగలదో అనుకున్నాను. నా కడుపు మండిపోయింది.

16వ రోజు

గిడ్డమ్మ క్యారియరు బల్ల మీద పెట్టగానే మూత తీయకుండా అడిగేశాను. తిప్పన్నకు వండి పెడుతున్నది నువ్వేనా అని.

ఆమె బొంకలేదు. నేనే అంది.

"చౌకడిపో కాడ సూసినా. రాగిపిండి యాది, జొన్నపిండి యాది అని ఆయప్ప అడుగుతాంటే వెనకోళ్లు నవ్వినారు. నేనూ వరసలో నిలబడుకోనుంటి. ఇంటికొస్తే నాకు ముద్ద దిగల్యా. ఒక గిన్నెలో పెట్టి వాళ్ల గడప మీద ఆనించి వచ్చినా. పక్కింటోళ్లెవురో అనుకుంటాడులే అని. మర్నాడు గిన్నె కడిగి గడప మీద బోర్లించినాడు. ఇంగ రోజూ పెడ్తాండా."

"అది నాకే వస్తుందని తెలియదా గిడ్డక్కా?"

"ఆయప్ప కడుపుకే పెట్టినా. నీకు తెస్తాడనుకోల్యా."

ఆచారం తప్పితే ఏమవుతుందో తెలుసా అన్నాను. తెలుసంది. తెలిసి పెట్టావా అంటే, పెట్టేటప్పుడు అది మనసులో లేదంది. తరువాత వచ్చిందా అని అడిగాను.

"వచ్చింది," అంది. "తల్లిని గదా. అయినా ఆ పొద్దూ పెట్టినా, ఆ తర్వాతా పెట్టినా. దేనికి పెట్టినానని నన్నడిగితే యాం చెప్పేది?"

నాకు ఆమెను నమ్మాలని ఉంది. అందుకే నమ్మడానికి భయంగా ఉంది. ఆమె తెచ్చినది తిన్నాను, తినక తప్పదు.

17వ రోజు

తిప్పన్నకు చెప్పాలా వద్దా అని తెల్లవారేదాకా కొట్టుకున్నాను. చెప్పకపోతే తీర్పు నాది కాదు, దొంగతీర్పు. చెబితే ఈ మనిషి ఇన్నాళ్లూ కడుపు నింపుకున్నది తన బిడ్డను చంపినవాడి ఇంటి బువ్వతో అని తెలుస్తుంది. సలహా అడగడానికి మనిషి లేడు. మామూలు రోజుల్లో అయితే సందులో నలుగురిని అడిగి, ఎనిమిది రకాలుగా విని, చివరికి నాకు తోచింది చేసేదాన్ని. ఆ నలుగురి విలువ ఇప్పుడు తెలుస్తోంది.

చెప్పేశాను.

అతను నా ముందున్న గిన్నె చూశాడు. మొహంలో కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. గిన్నె మూత పెట్టాడు. నేను ఇంకా సగమే తిన్నాను. క్యారియరు తీసుకుని వెళ్లిపోయాడు.

ఈ నెల నేను మాట్లాడగలిగిన మనుషులే ఇద్దరు, వాళ్లలో ఒకరిని మాటతో ఇలా కొట్టి పంపాను.

19వ రోజు

ఇవాళ తిప్పన్న వంతు. మధ్యాహ్నం రాలేదు. గోడ కాగి, మళ్లీ చల్లబడటం మొదలుపెట్టింది. బువ్వ రాకపోతే అదీ ఆచారం తప్పినట్టే, పొద్దు వాలాక సభకు నేనే కబురు పెట్టాలి. రాకపోతే బాగుండునని కూడా ఒక క్షణం అనిపించింది. మూట కట్టుకుని, కిందికి దిగి, పక్కింటామెతో జల్లెడ గురించి పోట్లాడవచ్చు. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

వాకిలి మూసే గంట కొట్టేముందు వచ్చాడు. సంగటి అడుగంటింది, గిన్నె నల్లగా ఉంది. పప్పు ఉడకలేదు. అతని బొటనవేలి మీద కొత్త బొబ్బ. నేను తినడం మొదలుపెట్టాక గానీ కూర్చోలేదు.

"ఇంగ నేనే చేస్తా," అన్నాడు. "ఎట్లుంటే అట్ల తిను."

మరి ముందు తిన్నదాని మాటేమిటని అడిగాను. సభ అడిగితే ఏం చెప్పాలని అడిగాను. అతను పళ్లు బిగబట్టి, ఒక్కో మాటా పైకి లాగినట్టు చెప్పాడు.

"అది నా గడప మీదికొచ్చింది. నా చేత్తో ఎత్తుకున్నా. నా గిన్నెలో ఏసుకోని తెచ్చినా. అది నా ఇంటి బువ్వే. ఎవురడిగినా అదే చెప్తా. తూకానికి మాత్రం పోనీయాకు సుంకులమ్మా. దానికి మా పాప ఎవురో తెలీదు."

ఆ బువ్వ తనదని ఒప్పుకోవడానికి అతను ఎంత నలిగాడో నాకు కనబడుతూనే ఉంది. ఆచారం రాసినవాళ్లు ఈ మాటకు ఒప్పుకుంటారో లేదో తెలియదు. నేను ఒప్పుకున్నాను. తప్పయితే ఆ తప్పు నాది.

లేచి, తలుపు దాకా వెళ్లి ఆగాడు.

"లిఫ్టు కింద పోయిన ముసలాయప్పకు తొమ్మిదేండ్లు కట్టినారు. మా పాపకెంతని రోజూ నన్ను నేనే అడుక్కుంటాండా," అన్నాడు.

23వ రోజు

గోడతో వాదించాను. పోలీసు కాబట్టి ఎక్కువ వేయాలా? మూడుసార్లు అడగాలని చేతిలో తుపాకీ పెట్టి మరీ నేర్పింది అతనికే. పోలీసు కాబట్టి తక్కువ వేయాలా? మేమంతా చల్లగా లోపల ఉంటే, కంతకు మొహం పెట్టి ఒంటరిగా నిలబడింది అతనే. ఎటు వైపు మాట్లాడినా నిజమే అనిపిస్తుంది, అదే నా బాధ. గిడ్డమ్మ రొట్టె తిన్న రోజు మనసు ఒక వైపు, తిప్పన్న ఉడకని పప్పు తిన్న రోజు ఇంకో వైపు. ఈ ఆచారం పెట్టినవాళ్లు తీర్పరికి నిద్ర ఉండకూడదనే పెట్టి ఉంటారు.

తలుపు బయట చీపురు చప్పుడు వినిపించింది. మద్దిలేటి ఇంటి నుంచి నాకు ఎవరూ బువ్వ తేలేదు. అతని శిక్ష రోజున అతని ఇంటి వంట ఎవరూ రుచి చూడలేదు. ఆ సంగతి మీద నా ఆలోచన ఆగిపోయింది, మళ్లీ కదల్లేదు.

చివరి రోజు

తీర్పు రోజున తీర్పరే వండాలి. రెండిళ్లవాళ్లూ ఆ బువ్వ తినాలి, తరువాతే తీర్పు. సంగటి కెలికాను, ఉలవచారు కాచాను. తిప్పన్న, గిడ్డమ్మ ఒకరి ఎదురుగా ఒకరు కూర్చుని, తలెత్తకుండా తిన్నారు. కంబగిరి ఎక్కువ తినలేకపోయాడు. గిడ్డమ్మ అలవాటుగా అతని గిన్నెలో ఇంకొంచెం చారు పోసింది.

మైకు నా ముందు పెట్టారు. నెల తరువాత ఊరికి నా గొంతు వినబడింది.

మద్దిలేటి రెండోసారి కేకెయ్యలేదు, కంబగిరి రెండోసారి అడగలేదు, అన్నాను. ఇద్దరూ చంపాలని చంపలేదు. ఒకడికి తొందర, ఒకడికి భయం. లిఫ్టువాడి తప్పుకు ఒక కొలత, పోలీసు తప్పుకు ఇంకో కొలత పెడితే, చనిపోయిన వాళ్లిద్దరిలో ఒకరి ప్రాణం చవక అని చెప్పినట్టు. నేను అది చెప్పలేను. కంబగిరికి తొమ్మిదేళ్లు.

ఆ భయంలో అతన్ని ఒంటరిగా నిలబెట్టిన వాళ్లం మనం, అని కూడా అన్నాను. ఇక నుంచి ప్రతి వాకిలి దగ్గరా పోలీసు పక్కన ఊరి మనిషి ఒకరు నిలబడాలి. పోలీసు చేతిలో తుపాకీ ఉంటే, ఎవరని మూడుసార్లు అడగవలసింది ఆ రెండో మనిషి. ఇదీ తీర్పులో భాగమే.

కంబగిరి తల ఊపాడు, ముందే తెలిసినట్టు. తిప్పన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. గిడ్డమ్మ తిన్న గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి, పక్కకు జరిపి, లేచింది.

"నా చేతి బువ్వ తింటివి సుంకులమ్మా," అంది.

తిన్నాను. రుచిగా ఉందని కూడా చెప్పాను.

ఇంటికి వచ్చాక

ఇక రాయవలసిన అవసరం లేదనుకున్నాను. ఆచారం ముగిసింది కదా, అందరూ మాట్లాడతారనుకున్నాను.

మైకు దగ్గరికి తిరిగి వచ్చాను. దీపాలు మళ్లీ నిండుగా వెలుగుతున్నాయి, వాకిళ్లు రెండు పూటలా తెరుస్తున్నారు. పనికి వచ్చేవాళ్లు పనికి వస్తున్నారు. నా దగ్గరికి మాత్రం ఎవరూ రావడం లేదు. పోలీసుల ఇళ్లవాళ్లకు తొమ్మిదేళ్లు ఎక్కువ. పలకలు తుడిచేవాళ్లకు తొమ్మిదేళ్లు తక్కువ. వాకిలి కావలి తమ నెత్తిన పడిందని మిగతావాళ్లకు కోపం. పక్కింటామె నా జల్లెడ ఇప్పుడు అడగడం లేదు, కొత్తది కొనుక్కుంది. గిడ్డమ్మ సందులో ఎదురైతే నేను లేనట్టే నడిచిపోతుంది. ఆచారం ఉన్నప్పుడు ఎవరూ పలకరించకపోతే అది ఆచారం అనుకునేదాన్ని. ఇప్పుడు ఏమనుకోవాలో తెలియక ఏడుపొస్తోంది.

వాకిలి కావలికి చీటీలు వేస్తామంటే నేనే ముందు పేరిచ్చాను. ఇంట్లో కూర్చుని చేసేదేముంది?

తూర్పు వాకిలి, నా మొదటి వంతు

నా పక్కన నిలబడ్డ పోలీసు కుర్రవాడు కాదు, కంబగిరి కంటే పెద్దవాడు, అతనికి పని నేర్పినవాడట. పొద్దుటి నుంచి నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. పలకల పనివాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. గంటలు వింటూ అతను తల ఊపడం, నేను ఎవరని అడగడం, వాళ్లు పేరు చెప్పి నా మొహం చూడకుండా లోపలికి వెళ్లడం. మంటవేళ అయింది. తలుపు బిగించాం. కంత ఇనుము అప్పుడే కాగుతోంది, బయట గాలి హోరుమంటోంది.

అప్పుడు గంట మోగింది. పగిలిన మోత. ఊళ్లో ఏ ఇంటిదీ కాదు.

పోలీసు మొహం పాలిపోయింది. తుపాకీ కంతకు ఆనించాడు. నేను అతన్ని పక్కకు నెట్టి కంతకు నోరు పెట్టాను.

"ఎవరు?"

గాలి తప్ప ఏమీ లేదు. కంతలోంచి గుండొస్తుందని కంబగిరి చెప్పిన మాట గుర్తొచ్చి మొహం పక్కకు లాక్కున్నాను. ఆ క్షణంలో అతని భయం నాకు పూర్తిగా అర్థమయింది. అర్థమయినా తొమ్మిదేళ్లు తొమ్మిదేళ్లే అనిపించింది.

"ఎవరు?"

గంట మళ్లీ మోగింది, ఇంకా దగ్గరగా. పోలీసు చెయ్యి బిగుసుకుంది. ఆగు అని చేత్తో సైగ చేశాను. ఇన్నేళ్లు ఊరంతటికీ వినబడ్డ గొంతంతా కూడదీసుకున్నాను.

"ఎవరు?"

"నేనే సుంకులమ్మా," అని జవాబు వచ్చింది. "తిప్పన్నను."

కూతురి పనిలో అతను చేరాడని, పొద్దున పడమటి వాకిలి నుంచి వెళ్లాడని నాకు తెలియదు. శివలీల నడుమున ఉన్న ఆ చీలిన గంట బదులు కొత్తది ఇస్తామంటే వద్దన్నాడట, ఇంటి గంట ఇదేనన్నాడట. పోలీసు తలుపు తీశాడు. తిప్పన్న ఎండతొడుగు నిండా దుమ్ముతో లోపలికి వచ్చి, తొడుగు విప్పకుండానే గోడకు ఆనుకుని కూర్చుని నీళ్లు అడిగాడు. నేను చెంబు తెచ్చి ఇచ్చాను.

ఇంటికి తిరిగి వచ్చాక నన్ను పేరు పెట్టి పిలిచిన మొదటి మనిషి అతనే. అతను తాగేదాకా ఎదురుగా కూర్చున్నాను.